మావి అంటే ఎవరివి?

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను మూడు నెలల డిప్యుటేషన్ మీద చౌటుప్పల్‌కు దగ్గర్లోని ఒక సర్కారు దవాఖానకు పంపారు. అప్పటికి నేను హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. పేరు పెద్దదే గాని, పని మాత్రం ఇది: శాస్త్రవేత్తలు ఆలోచిస్తారు, మేము కోస్తాం, కడుగుతాం, గడ్డకట్టిస్తాం, లేబుల్ అంటిస్తాం. ప్రయోగం ఫలిస్తే వారి పేరు, చెడితే మా చెయ్యి. ముప్పై ఏళ్లుగా అలవాటైన ఏర్పాటే కాబట్టి దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. గొడవలేమీ లేకుండా ఒడ్డున పడాలన్నదే నా ఆశ.

నాకిచ్చిన పని పన్నెండు కాన్పుల నుంచి మాయ ముక్కలు సేకరించి తేవడం. మాయ అంటే కడుపులో బిడ్డను తల్లికి కలిపి ఉంచేది, బిడ్డ పుట్టిన కాసేపటికి తానూ బయటపడేది. మా సార్ దాన్ని మావి అనేవారు. సార్ అంటే ప్రాజెక్టుకు పెద్ద, మా వాడుకలో పీఐ. పేరు రంగనాథ్ అనుకుందాం. పుస్తకాల్లో ఉన్న మాట మావి అన్నది నిజమే. ఆత్మకూరులో పుట్టి పెరిగిన నాకు మాత్రం అది మాయే. ఈ రెండు మాటల తేడా మమ్మల్ని ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు సార్ దేనికోసం వెతుకుతున్నారో చెప్పాలి. మన ఒంట్లో ఏ కణం తీసుకున్నా దాదాపు అదే డీఎన్ఏ ఉంటుంది. కానీ ప్రతి జన్యువూ ప్రతి చోటా పనిచెయ్యదు. ఎదుగుదల హార్మోనుకు సంబంధించిన ఐదు జన్యువులు ఒకే వరసలో ఉంటాయి, చూస్తే అక్కచెల్లెళ్లలా ఒక్క పోలిక. మొదటిది తలలోని పీయూష గ్రంథిలో పనిచేస్తుంది. మిగిలినవి మాయలో తప్ప మరెక్కడా దాదాపు నోరు విప్పవు. తల్లి ఒంటిలోని చక్కెరను, కొవ్వును బిడ్డ అవసరానికి మళ్లించే లాక్టోజెన్ అనే హార్మోను వాటి పుణ్యమే.

ఎవరు ఎక్కడ నోరు విప్పాలో చెప్పేవి ఎన్‌హాన్సర్లు. ఇవీ డీఎన్ఏ ముక్కలే, కానీ తాము స్వయంగా ఏ హార్మోనూ తయారు చేయించవు. జన్యువుకు ఎంతో దూరంలో ఉంటాయి. ఆ కణంలో తగిన ప్రొటీన్లు వచ్చి వాటి మీద కూర్చుంటే, డీఎన్ఏ మడతపడి ఎన్‌హాన్సర్ జన్యువు పక్కకు వస్తుంది, అప్పుడు జన్యువు పని అందుకుంటుంది. మాయలో ఉండే ప్రొటీన్లు వేరు, పీయూష గ్రంథిలో ఉండేవి వేరు. అందుకే అక్కడ ఒక అక్క, ఇక్కడ నలుగురు చెల్లెళ్లు. కొత్తగా చేరిన వాళ్లకు నేను దీన్ని మా డైరెక్టర్ పీఏతో పోల్చి చెప్పేదాన్ని. ఆయన ఫైలు రాయడు, సంతకం పెట్టడు, రెండు అంతస్తుల అవతల కూర్చుంటాడు. కానీ ఆయన తలూపనిదే ఏ ఫైలూ కదలదు. ఈ పోలిక ఆయన చెవిన పడిందని నాకు తర్వాత తెలిసింది. నా డిప్యుటేషన్ ఫైలు కదలడానికి రెండు నెలలు పట్టింది.

మనుషుల నుంచి ఏ ముక్క తీసుకోవాలన్నా ముందు సమ్మతి పత్రం ఉండాలి. దాన్ని నైతిక విలువల కమిటీ ఆమోదించాలి. సార్ స్వయంగా రాసి ఆమోదం పొందిన తెలుగు పత్రంలో ఒక వాక్యం ఇలా ఉండేది: "ప్రసవానంతరం మావి పరిశోధన నిమిత్తం సంస్థకు అప్పగించుటకు సమ్మతిస్తున్నాను."

చౌటుప్పల్ చుట్టుపక్కల అప్పటికే భూమి బంగారమై కూర్చుంది. కాగితం అనగానే ప్రతివాడూ అది ఏ సర్వే నంబరుదో చూసుకుంటాడు. అలాంటి చోట "మావి సంస్థకు అప్పగించుట" అని రాసి సంతకం పెట్టమంటే ఏమవుతుంది? మొదటి రోజే ఒక గర్భిణి భర్త పత్రాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి అడిగాడు.

"మావి అంటే ఏమేం వస్తయి మేడం? మొన్న కొన్న ప్లాట్ గూడ వస్తదా?"

రెండో ఇంటి వాళ్లు వకీలును అడిగి చెప్తామన్నారు. నేను సార్‌కి ఫోన్ చేసి, మావి అని తీసేసి మాయ అని రాస్తే చాలన్నాను. కమిటీ ఆమోదించిన పత్రంలో కామా కూడా మార్చకూడదని, అయినా మాయ అనేది గ్రామ్యమని సార్ అన్నారు. సరేనని పత్రాన్ని అలాగే ఉంచి, నోటితో మాయ అని వివరించడం మొదలుపెట్టాను. మా నియమం ప్రకారం సంతకానికి ముందు ఆ మనిషి విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. తల్లులు చక్కగా చెప్పేవారు. "పిల్ల వుట్టినంక మాయల నుంచి రెండు ముక్కలు తీస్కుంటరు, పరీక్ష చేస్తరు, నాకు నొప్పేం లేదు." ఇంతకంటే స్పష్టంగా మా సార్ కూడా చెప్పలేదు.

తర్వాతి పనంతా గడియారంతోనే. మాయ బయటపడగానే స్టాఫ్ నర్సు దాన్ని ట్రేలో పెట్టి పక్క గదిలోకి పంపుతుంది. నేను బొడ్డుతాడుకు దూరంగా రెండు చోట్ల చిన్న ముక్కలు కోసి, చల్లని సెలైన్‌లో నెత్తురు పోయేదాకా కడిగి, వేలెడంత గొట్టాల్లో వేసి ద్రవ నత్రజని క్యానులో ముంచాలి. ఆలస్యమైతే జన్యువులు ఏం మాట్లాడాయో చెప్పే ఆర్ఎన్ఏ చెడిపోతుంది. క్యాను మూత తీస్తే తెల్లటి పొగ వచ్చేది. వార్డులో అందరూ నన్ను కుల్ఫీ మేడం అనేవారు. నేను కాదనలేదు.

చివరగా రిజిస్టరు. కాన్పు ఎన్నింటికి, ముక్క ఎన్నింటికి, గొట్టం నంబరు ఎంత అని రాశాక ఒక ప్రశ్న ఉండేది: "ముక్కలు గొట్టంలో పడేలోగా మీ కంటి నుంచి తప్పాయా?" అవును, లేదు అన్న రెండిట్లో ఒకటి రాసి సంతకం పెట్టాలి. మా నాయిన జీవితమంతా కూలి పని చేసి వేలిముద్ర వేసినవాడు. మా ఇంట్లో సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. కాబట్టి నా సంతకం అంటే నాకు కొంచెం గర్వం ఉండేది. పదకొండు సార్లు "లేదు" అని నిజమే రాశాను.

పన్నెండో కాన్పు స్వరూపది. పేరు మార్చాను. చేనేత ఇంటి కోడలు, ఇంటర్ దాకా చదివింది, భర్త మందుల కంపెనీలో పని. పత్రాన్ని తనే పైకి చదివింది. పక్కన ఆమె అత్త లచ్చమ్మ, ఇంచుమించు నా ఈడుదే, కూర్చొని వింటోంది.

"మావి అంటే ఏంది?" అని అడిగింది లచ్చమ్మ.

"మాయ, అక్కా" అన్నాను.

"ఎవరి మాయ?"

"మీ కోడలిది. కాన్పయినంక."

లచ్చమ్మ ఇంకేమీ అడగలేదు. పైట సర్దుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయింది. స్వరూప తిరిగి చెప్పాల్సింది చెప్పి సంతకం పెట్టింది. అత్తగారి మౌనాన్ని నేను ఒప్పుదలగా లెక్క వేసుకున్నాను. మేజరైన స్త్రీ సంతకం ఉంటే చాలు, అత్త ఒప్పుదలతో చట్టానికి పని లేదు కూడా.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. మంచి బరువు, మంచి గొంతు. నేను ముక్కలు కోసి సెలైన్ గిన్నెలో వేశానో లేదో, నత్రజని బండి డ్రైవరు గేటు దగ్గర హారన్ మొదలుపెట్టాడు. దిగి సంతకం పెడితే గాని క్యాను నింపడు. నింపకపోతే పాత పదకొండు నమూనాలూ కరిగిపోతాయి. గది గుమ్మం దగ్గర లచ్చమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు నవ్వు ముఖం చూపించి కిందికి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి ఐదు నిమిషాలై ఉంటుంది. ట్రే ఖాళీగా ఉంది. మిగిలిన మాయను ఆయా ఎప్పటిలాగే దవాఖాన చెత్త వేసే పసుపు రంగు సంచిలో వేసి ఉంటుందనుకున్నాను. గిన్నెలో ముక్కలు ఉన్నాయి. ఎప్పటికంటే నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. బాగా కడిగానే అని నన్ను నేనే మెచ్చుకుని గొట్టాల్లోకి ఎత్తాను. రిజిస్టరు తీశాను. ఐదు నిమిషాలకోసం "అవును" అని రాస్తే ఆ నమూనా చెల్లదు. ఇంకో కాన్పు కోసం ఇంకో నెల. "లేదు" అని రాసి సంతకం పెట్టాను.

హైదరాబాదులో పరీక్షలు మొదలయ్యాయి. ఆర్‌టీ-పీసీఆర్ అంటే కరోనా తర్వాత అందరికీ తెలిసిన పేరే. జన్యువు పనిచేస్తూ ఉంటే తెర మీద గీత పైకి లేస్తుంది. లాక్టోజెన్ గీత పదకొండు నమూనాల్లో జోరుగా లేచింది. పన్నెండోది నేలకు అతుక్కుపోయింది. సార్ మొదట నన్ను తిట్టారు, ఆలస్యం చేసి ఆర్ఎన్ఏ చెడగొట్టావని. చెడిందో లేదో చూడటానికి అన్ని కణాల్లోనూ ఉండే ఒక మామూలు ఆర్ఎన్ఏని కొలుస్తాం. అది అద్భుతంగా ఉంది.

అప్పుడు సార్ ముఖం మారింది. తిట్టడం ఆపి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ముప్పై ఏళ్లలో అది రెండోసారి. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, మాయ బాగుంది, కానీ లాక్టోజెన్ లేదు. అంటే ఆ కుటుంబంలో ఎన్‌హాన్సరే ఎగిరిపోయి ఉండాలని సార్ ఊహ. తెల్లబోర్డు మీద రంగు రంగుల బాణాలు వేశారు. ఆ సాయంత్రానికే వ్యాసానికి పేరు పెట్టారు. మర్నాడు కమిటీకి నోట్ పంపారు, పన్నెండో నంబరు కుటుంబంలో జన్యు లోపం ఉండవచ్చని. తల్లీబిడ్డల రక్తం కావాలని ఉత్తరం రాసి నన్నే తీసుకుపొమ్మన్నారు.

లచ్చమ్మ ఇంట్లో ముందు గదిలోనే మగ్గం. ఆమె భర్త చిటికి కడుతున్నాడు. అంటే నూలును రంగులో ముంచే ముందు, రంగు తగలకూడని చోట్ల సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కట్టడం. నాకు పాఠం చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నూలంతా ఒక్కటే, కట్టు విప్పిన చోటనే రంగు పడుతుంది, ఒంట్లో జన్యువులు కూడా ఇలాగే, మీ పాప మాయలో ఒక కట్టు విప్పుకోలేదేమో చూడాలి అన్నాను. పెద్దాయన తలూపాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో ఉత్తరంలోని "లోపం" అనే మాటను పైకి చదివేశాను.

గుమ్మంలో ఇద్దరు పక్కింటి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మాయలోని డీఎన్ఏ బిడ్డది, అందులో సగం తండ్రి నుంచి వచ్చిందే. నేను ఆ సంగతి చెప్తూనే ఉన్నాను. అయినా ఇంట్లో ప్రతి చూపూ స్వరూప మీదికే పోయింది. భర్త చూపు కూడా.

"నా పాలల్ల ఏమన్న తక్కువున్నదా మేడం?" అంది స్వరూప. పాపను రొమ్ము నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. పాప ఏడుపు అందుకుంది.

నాకు నిజంగా సిగ్గేసింది. రక్తం తీసే సూది నా సంచిలోనే ఉండిపోయింది. పక్కింటామె, వాళ్ల పుట్టింట్ల గూడ ఎవరికో గిట్లనే ఉండెనట, అని మొదలుపెట్టింది. అప్పుడు లచ్చమ్మ కండెలు చుడుతున్న చరఖా ఆపింది.

"నా కోడల్ని ఒక్క మాటన్న అంటే ఊకోను. దానికేం లోపం లేదు. మీ డబ్బల ఉన్నది దాని మాయనే కాదు."

"మరి?" అన్నాను.

"కార్జం."

తెలియని వాళ్లకోసం చెప్తున్నాను, కార్జం అంటే మేక కాలేయం. స్వరూపకు రక్తం తక్కువుందని, కార్జం తినిపించమని నర్సు చెప్పి ఉండింది. ఆ ఆదివారం పొద్దున కొడుకు దాన్ని కొని తెచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. కార్జం సంచిలోనే దవాఖానకు వచ్చింది. నేను కిందికి పరుగెత్తగానే లచ్చమ్మ లోపలికి వచ్చి ట్రేలోని మాయను, గిన్నెలోని ముక్కలను తన పాత చీర పేలికలో మూటకట్టుకుంది.

"ఉత్త గిన్నె జూస్తే నువ్వు లొల్లి జేస్తవని రెండు ముక్కలు కోసి ఏసిన. నీ కత్తెరతోనే. నీ నీళ్లల్లనే మంచిగ కడిగిన."

మాంసం తినే ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లు కణజాలాలు కోసిన నేను కార్జాన్ని గుర్తుపట్టలేకపోయాను. కోపం తెచ్చుకుని, సంతకం పెట్టి ఇచ్చింది అలా ఎలా తీసుకుపోతారని అడిగాను.

"మీ కాయితంల ఏమున్నది? మావి అనే ఉన్నది గద. మావి మేం తెచ్చుకున్నం."

పెద్దాయన ముఖం నూలు వెనక దాచుకున్నాడు. పక్కింటి వాళ్లు దాచుకోలేదు. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వులు తగ్గాక లచ్చమ్మ నెమ్మదిగా అంది.

"నా తొల్సూరుది దవాఖానల్నే పారేసిండ్రు. ఆ పిల్ల తొమ్మిది దినాలు గూడ దక్కలే. గిది మాత్రం పెరట్ల పసుపేసి నేనే పెట్టుకున్న."

మాయను ఎక్కడ పెట్టినా పిల్ల ఆయుష్షుకు సంబంధం లేదని నాకు తెలుసు. ఆ మాట అనబుద్ధి కాలేదు. స్వరూప పాపను మళ్లీ రొమ్ముకు చేర్చుకుంది.

సార్ నమ్మలేదు. ముసలామె కట్టుకథ అన్నారు. కాలేయంలో మాత్రమే జోరుగా పనిచేసే ఆల్బుమిన్ జన్యువును చూద్దామన్నాను. మావిలో ఆల్బుమిన్ ఎందుకు చూడాలని కసిరారు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేనే చూశాను. పదకొండు గొట్టాల్లో గీత ఆలస్యంగా, బద్ధకంగా కదిలింది. పన్నెండోది మొదలుపెట్టగానే నిటారుగా లేచి నిలబడింది. డీఎన్ఏ అక్షరాలు చదివించాం. మేక. మేం ముందు కొలిచిన మామూలు ఆర్ఎన్ఏ మనిషికీ మేకకూ ఇంచుమించు ఒకటే కాబట్టి అది మాకు ఏమీ చెప్పలేదు. సార్ తెర దగ్గరికి వంగి చూసి, పొట్టేలు కాదు గదా అని అడిగారు. మేకే సార్ అన్నాను. బోర్డు మీది బాణాలు ఆయనే తుడిచేశారు.

తర్వాత ఆయన గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పారు. పన్నెండో నమూనా దారిలో కరిగిపోయిందని రాసేస్తే సరి. ఎవరూ అడగరు, ఎవరికీ నవ్వులాట కాదు. నాకు ఇంకా ఏడాదికి పైగా సర్వీసు ఉందని కూడా గుర్తుచేశారు. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా ఆ ఉపాయం నాకు బాగానే నచ్చింది. కానీ కరిగిపోయిందని రాస్తే నమూనా పోతుంది గాని, కమిటీకి వెళ్లిన నోట్ పోదు. పన్నెండో నంబరు కుటుంబంలో లోపం ఉండవచ్చని ఆ ఫైల్లో అలాగే ఉంటుంది. రేపు ఇంకెవరో సూది పట్టుకుని ఆ ఇంటికి పోతారు, మళ్లీ అందరూ స్వరూప వైపు చూస్తారు. అది తుడిచిపోవాలంటే అది ఆమె మాయ కాదని రాయాలి. అలా రాయాలంటే, అది మారిపోయేటప్పుడు నేను గదిలో లేనని రాయాలి.

మర్నాడు పొద్దున నియమోల్లంఘన నివేదిక రాశాను. నమూనా పన్నెండు: మేక కాలేయం. కారణం: సేకరణాధికారి ఐదు నిమిషాలు గదిలో లేదు, రిజిస్టరులో ఉన్నట్టు తప్పుగా రాసింది. కింద సంతకం పెట్టాను. సార్ దాన్ని చదివి ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపారు. ఆ మాత్రం మర్యాద ఆయనలో ఉంది.

కమిటీ ముందు నిలబెట్టారు. మేక కాలేయం అనే మాట దగ్గర ఇద్దరు సభ్యులకు దగ్గు వచ్చింది. న్యాయశాస్త్రం తెలిసిన ఒక పెద్దావిడ మాత్రం నవ్వకుండా సమ్మతి పత్రం తెప్పించి, పైకి చదివి, "మావి అంటే ఎవరివి?" అని సార్‌నే అడిగారు. సార్ విడమరిచి చెప్పబోయారు. ఎంత చెప్పినా వాక్యం అలాగే ఉంది. స్వరూప ఫైలు నుంచి ఆ నోట్ తొలగించారు, లోపం లేదని ఆమెకు రాతపూర్వకంగా పంపారు. పత్రంలో మావి పోయి మాయ వచ్చింది. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. అన్యాయమని నేను ఎవరితోనూ అనలేదు, ఎందుకంటే కాదు.

ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ ఒక ప్రశ్న అదనంగా అడిగేదాన్ని: ముక్కలు తీసుకున్నాక మిగిలింది మీకు కావాలా? కావాలన్న వాళ్లకు, దవాఖాన అనుమతితో, మూత డబ్బాలో పెట్టి ఇచ్చేవాళ్లం. మళ్లీ అదే దవాఖానకు వెళ్తే, పన్నెండో నమూనా లోటు నెల లోపే తీరింది. ఇంటి పెద్దావిడలు మా గదికి తామే వచ్చి, ముక్క ఎంత కోస్తున్నానో పక్కన నిలబడి చూసేవారు. నేను అడుగు బయట పెట్టబోతే యాడికి అని అడిగేవారు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండే. ఏ ముక్క ఏ అవయవానిదో తెలియాలంటే, అందులో ఏ జన్యువు నోరు మూసుకుందో చూస్తే సరిపోదు, ఏది నోరు విప్పిందో కూడా చూడాలి. మనుషుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం: సంతకం చేసిన కోడలు ఒప్పుకున్నట్టే, కానీ పక్కన మాట్లాడకుండా కూర్చున్న అత్త ఒప్పుకున్నట్టు కాదు, ఉపాయం ఆలోచిస్తున్నట్టు.